దారిలో ఆపిన చెయ్యి: మనవాళ్ళు, కాగితాలు, జరిమానాలు



ఈ మధ్య మన గ్రూపులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది. హోసూరు నుంచి ఒకరు అడిగారు, బరంపురం నుంచి ఒకరు, షోలాపూరు నుంచి ఇంకొకరు. "మావాడు అక్కడ బండి తోలుతుంటే పోలీసు ఆపాడంట. జరిమానా కట్టమన్నాడంట. కట్టాలా, కూడదా? కట్టకపోతే ఏమవుతుంది?" అడిగిన తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు ఫోన్ కూడా చేశారు. ఒక దేశం నియమం ఇదీ అని మేము రాస్తే ఆరు నెలల్లో అది మారిపోతుంది. కాబట్టి నియమాల పట్టీ రాయడం లేదు. పరాయి దేశపు దారిలో మనవాళ్ళను ఆపడం ఎప్పుడు మొదలైంది, అప్పుడు వాళ్ళు ఏం చేశారు, ఆ చెయ్యి ఇప్పుడు ఎట్లా మారింది, ఇది చెప్పాలని రాస్తున్నాము. కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఓపికగా చదవండి.

ముందు మాట గురించి ఒక మాట. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. బళ్ళో 'అబరాదం' అంటే జరిమానా. ఇంట్లో అమ్మ నోట 'అపరాధం' అంటే చేసిన తప్పు. ఒకే సంస్కృత మాట, అక్కడ శిక్ష, ఇక్కడ నేరం. కర్ణాటకలోని మన బంధువులు 'దండ' అంటారు, మహారాష్ట్రలో 'దండ్' అంటారు. మన పాత తెలుగులో 'దండుగ' అంటే కట్టే జరిమానాయే. రాను రాను అది వట్టిగా పోయిన డబ్బు అనే అర్థానికి దిగిపోయింది. జరిమానాల గురించి మన జనం ఏమనుకున్నారో ఆ ఒక్క మాటే చెబుతుంది. ఇదే 'దండ' సముద్రం దాటి మలయాకు పోయి 'డెండా' అయింది. ఈరోజుకీ అక్కడ జరిమానా బోర్డుల మీద ఆ మాటే ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డలను అడిగితే 'ముఖాలఫా' అంటారు. అది అరబ్బీ.

ఇక అసలు సంగతి.

1860 అక్టోబర్ 12న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరింది. నవంబర్ 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. చెరకు తోటల్లో పనికి ఐదేళ్ళ ఒప్పందం మీద పోయినవాళ్ళు. గిరిమిట్ అంటారే, అదే. అప్పటి నుంచి 1911 దాకా అట్లా నాటాల్ అనే ఆ ఇంగ్లీషు కాలనీకి పోయినవాళ్ళు 1,52,000 మందికి పైగా. అందులో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే ఎక్కారు. తమిళులు, తెలుగువాళ్ళు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల పేర్లు ఆ ఓడల పట్టీల్లో కనిపిస్తాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ. మాలాంటి గుమాస్తాలు రాసిన పట్టీలే అవి. చూస్తే చేతిరాత బాగానే ఉంటుంది.

తోటలో పనిచేసే మనిషి తోట గట్టు దాటాలంటే యజమాని చీటీ కావాలి. చీటీ లేకుండా దారిలో కనిపిస్తే పారిపోయినవాడి కింద లెక్క. పట్టుకుంటారు, మేజిస్ట్రేటు ముందు పెడతారు, జరిమానా గానీ జైలు గానీ. ఇది ఒప్పందంలో ఉన్నవాడి సంగతి. అసలు చిక్కు ఐదేళ్ళు పూర్తి చేసినవాడిది. వాడు స్వతంత్రుడు. కూరగాయలు పండించి బుట్టలో పెట్టుకుని ఊళ్ళో అమ్ముకుంటున్నాడు. కానీ దారిలో ఎదురైన పోలీసుకు అందరూ ఒకటే రంగు. "నీ ఒప్పందం పూర్తయినట్టు కాగితం ఏది?" అని అడుగుతాడు. కాగితం ఇంట్లో ఉంటే, వానకు తడిసిపోయి ఉంటే, స్వతంత్రుడు కూడా లాకప్‌లోకే.

దీని మీద గొడవలు జరిగాయి. తప్పుగా పట్టుకున్నారని కొందరు కోర్టుకు పోయారు. అప్పుడు నాటాల్ ప్రభుత్వం 1897లో 28వ నంబరు చట్టం చేసింది. ఒప్పందంలో లేని భారతీయులను పొరపాటున పట్టుకోకుండా కాపాడే చట్టమని దానికి పేరు. స్వతంత్రుడైన భారతీయుడు తాను స్వతంత్రుణ్ణని ఒక పాసు తీసుకోవచ్చు. బాగుంది కదా అనిపిస్తుంది. కింద చదవాలి. పాసు లేని భారతీయుణ్ణి పోలీసు పట్టుకుంటే, ఆ పట్టుకోవడం తప్పని పోలీసు మీద కేసు వేయడానికి వీల్లేదు. అంటే కాపుదల ఎవరికి? ఆపినవాడికి. మేము పనిచేసిన కాలంలో ఇట్లాంటి సర్క్యులర్లు కొన్ని చూశాము. పేరు ప్రయాణికుల సౌకర్యం, లోపల ఉన్నది ఆఫీసు సౌకర్యం. ఆ అలవాటుతోనే చెబుతున్నాము, చట్టం పేరు చూసి చట్టాన్ని నమ్మకూడదు.

నాటాల్‌లో ఇంకో నియమం కూడా ఉండేది. రాత్రి తొమ్మిది దాటాక తెల్లవాళ్ళు కానివాళ్ళు పాసు లేకుండా వీధిలో తిరగకూడదు. పొరుగున ఉన్న ట్రాన్స్‌వాల్‌లో, అంటే జోహానెస్‌బర్గ్, ప్రిటోరియా ఉన్న రాజ్యంలో, అప్పుడు డచ్చి రైతుల సంతతివాళ్ళు ఏలేవారు. అక్కడ తొమ్మిది గంటల నియమంతో పాటు కాలిబాట నియమం. భారతీయుడు కాలిబాట మీద నడవకూడదు. తమిళనాట మనం కాలిబాటను ప్లాట్‌ఫారం అంటాము కదా, ఆ ప్లాట్‌ఫారం ఎక్కకూడదు. గుర్రబ్బండ్లు పోయే రోడ్డులో దిగి నడవాలి.

1893లో గాంధీ గారు ప్రిటోరియాకు ఒక కేసు పని మీద పోయారు. రాత్రుళ్ళు తిరిగే అలవాటు. అక్కడి ప్రభుత్వ న్యాయవాది క్రౌస్ అనే ఆయన, ఈయన ఏ వేళలోనైనా తిరగవచ్చని ఒక ఉత్తరం రాసి ఇచ్చాడు. ఆ ఉత్తరం గాంధీ గారి జేబులో ఉండేది. రాష్ట్రపతి క్రూగర్ ఇంటి ముందు కాలిబాట మీదుగా రోజూ నడిచేవారు. కాపలా పోలీసులు మారుతుంటారు. ఒకరోజు కొత్తగా వచ్చిన కాపలావాడు మాట కూడా అనకుండా తోసి, తన్ని, రోడ్డు మీదికి దించేశాడు. అప్పుడే గుర్రం మీద పోతున్న స్నేహితుడు కోట్స్ చూశాడు. "కేసు వేయండి, నేను సాక్ష్యం చెబుతాను" అన్నాడు. గాంధీ గారు వద్దన్నారు. సొంత బాధ కోసం కోర్టుకు పోకూడదని ఆయన పెట్టుకున్న నియమం. ఆ పోలీసు తర్వాత క్షమించమన్నాడు కూడా.

ఈ ఒక్క చోట మాకు ఆయనతో పూర్తి సమ్మతం లేదు. పెద్దవాళ్ళు, అట్లా అనుకోగలరు. కానీ కేసు వేసి ఉంటే ఒక రికార్డు మిగిలేది. తర్వాత అదే కాలిబాట మీద తన్నులు తిన్న బుట్టల వ్యాపారికి అది పనికొచ్చేది. జేబులో ఉత్తరం ఉన్నవాడి సంగతి వేరు, లేనివాడి సంగతి వేరు. అంత మంచి ఉత్తరం జేబులో ఉన్నా దాన్ని చూపించే వేళే రాలేదు చూశారా. ముందు తన్నాడు, అడగడం అనేదే లేదు. ఈరోజు మన బిడ్డలకు అన్ని కాగితాలూ పెట్టుకోమని చెబుతాము, చెప్పాలి కూడా. కాగితం అడిగే ఓపిక ఎదుటివాడికి ఉంటేనే అది పనిచేస్తుంది.

ఇంగ్లీషు, బోయరు యుద్ధం అయ్యాక ట్రాన్స్‌వాల్ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. బాగుపడుతుందని మనవాళ్ళు ఆశపడ్డారు. 1907లో ఏషియావాసుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ప్రతి భారతీయుడూ, చీనావాడూ పది వేళ్ళ ముద్రలు వేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏ పోలీసు ఎక్కడ ఆపి అడిగినా చూపించాలి. చూపించకపోతే జరిమానా, జైలు, చివరికి దేశం నుంచి వెళ్ళగొట్టడం. ఆ సర్టిఫికెట్ లేకుంటే వ్యాపార లైసెన్సు కూడా లేదు. లైసెన్సు లేకుండా బుట్ట ఎత్తుకుంటే అదొక నేరం.

దారిలో జరిమానా అంటే ఇదే. వీధిలో అరటిపండ్లు, కూరగాయలు అమ్ముకునేవాణ్ణి పోలీసు ఆపుతాడు. లైసెన్సు చూపమంటాడు. మనవాళ్ళు ఏం చేశారంటే, ఉన్నా చూపలేదు. పట్టుకుపొమ్మన్నారు. మేజిస్ట్రేటు ఇంత జరిమానా, కట్టకుంటే ఇన్ని రోజుల జైలు అని చెప్పేవాడు. జేబులో డబ్బు ఉండి కూడా జైలే అన్నారు. గాంధీ గారి పెద్దకొడుకు హరిలాల్ కూడా 1908లో పండ్ల బుట్ట ఎత్తుకుని అమ్మి జైలుకు పోయాడు. అప్పటికప్పుడు కట్టేస్తే పోయేదానికి ఇంత కష్టమెందుకు అని ఇప్పటి పిల్లలకు అనిపించవచ్చు. వాళ్ళకు తెలిసిన సంగతి ఒకటి ఉంది. ఆ జరిమానా వాళ్ళు చేసిన పనికి కాదు. పక్కన అదే పండు అమ్మే తెల్లవాడికి వేలిముద్ర లేదు, ఆపడం లేదు. వాళ్ళు ఫలానా దేశంలో పుట్టినందుకు ఆ జరిమానా. పనికి వేసిన జరిమానా అయితే కట్టి ఇంటికి పోవచ్చు. పుట్టుకకు వేసిన జరిమానా ఈరోజు కడితే రేపు కూడా కట్టాలి, ఎల్లుండి కొడుకు కట్టాలి.

1908 ఆగస్టు 16న జోహానెస్‌బర్గ్ హమీదియా మసీదు ముందు పెద్ద గంగాళం పెట్టి, రెండు వేలకు పైగా సర్టిఫికెట్లు వేసి, కిరసనాయిలు పోసి కాల్చారు. కాగితాలు దాచడమే జీవితంగా బతికిన మాలాంటివాళ్ళకు ఆ సంగతి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. కాగితం పోతే ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు. తెలిసే కాల్చారు.

ఈ కథలో మన సంఘం తెలుసుకోవలసిన పేరు తంబి నాయుడు. మారిషస్‌లో పుట్టినవాడు. తల్లిదండ్రులు మద్రాసు రాజధాని నుంచి పోయినవాళ్ళు. జోహానెస్‌బర్గ్‌లో వ్యాపారి. బళ్ళో పెద్దగా చదవలేదు. 1908 జనవరిలో గాంధీ గారితో పాటు మొదటి విడతలో జైలుకు పోయాడు. ఫిబ్రవరి 10న మీర్ ఆలం అనే పఠాను, అతని మనుషులు గాంధీ గారిని కొడుతుంటే అడ్డం పడి దెబ్బలు తిన్నాడు. ఆ తర్వాత జైలుకు పోవడం అతనికి పొరుగూరు పోయి వచ్చినట్టయింది. గాంధీ గారు తన సత్యాగ్రహ చరిత్రలో అతణ్ణి తమిళుడనే రాశారు. తెలుగు కూడా కొంచెం వచ్చని చేర్చారు. నాయుడు అనే పేరు పెట్టుకుని, తమిళం మాట్లాడుతూ, తెలుగు కొంచెం తెలిసిన మనిషి. అయ్యా, మన సంఘంలో సగం మంది ఇదే కదా! బయటివాళ్ళు మనల్ని ఏమని రాసుకుంటారో అదే రికార్డు. 1913లో ట్రాన్స్‌వాల్ నుంచి నాటాల్‌కు పోయి, న్యూకాసిల్ బొగ్గు గనుల కూలీలను సమ్మెకు లేపి జైలుకు పోయిన ఆడవాళ్ళలో తంబి నాయుడి భార్య వీరమ్మాళ్ ఉంది. ఆమెతో పాటు నాయుడు ఇంటిపేరు ఉన్న ఇల్లాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ళూ చరిత్రలో తమిళ సోదరీమణులే. మేము కొట్లాటకు చెప్పడం లేదు. తమిళుల మధ్యే పుట్టి పెరిగినవాళ్ళం, ఆ పేరు వల్ల మాకు చిన్నతనం లేదు. మన బిడ్డలకు మాత్రం ఆ పేర్లు తెలియాలి.

ఆ సమ్మె దేనికంటే మూడు పౌన్ల పన్నుకు. ఒప్పందం పూర్తయినవాడు తిరిగి ఒప్పందంలో చేరకుండా, ఇండియాకూ పోకుండా నాటాల్‌లో ఉంటే ఏడాదికి మూడు పౌన్లు కట్టాలని 1895లో చట్టం చేశారు. భార్యకు వేరే మూడు. పదహారేళ్ళు దాటిన కొడుక్కు, పదమూడేళ్ళు దాటిన కూతురికి వేరే. తోట కూలీ మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు, అంటే ఏడాదికి ఆరు పౌన్లు. లెక్క మీరే వేసుకోండి. 1914లో పన్ను ఎత్తేశారు. ఆ లోపల నాగప్పన్ అనే యువకుడు జైలు నుంచి వచ్చి 1909లో చచ్చిపోయాడు. దేశం నుంచి వెళ్ళగొట్టి మద్రాసుకు పంపినవాళ్ళలో నారాయణస్వామి అనేవాడు తిరిగిపోతూ ఓడ దిగనివ్వక 1910లో చచ్చిపోయాడు. వళ్ళియమ్మ 1914 ఫిబ్రవరిలో పోయింది, జైలులో పట్టిన జ్వరంతో. మద్రాసులో దిగిన ఆ బహిష్కృతులకు తిండి, బట్ట చూసినవాడు జి. ఎ. నటేశన్ అనే పత్రికాధిపతి.

తెలుగువాళ్ళు పోయింది నాటాల్ ఒక్కటే కాదు. యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి బర్మాకు ఎంతమంది పోయారంటే, రంగూన్‌లో మనవాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. అక్కడ రిక్షాలు లాగినవాళ్ళలో మనవాళ్ళే జాస్తి. లైసెన్సు పలక, పోలీసు చెయ్యి, వీధి మలుపు, ఇవి వాళ్ళకు రోజూ ఉన్నవే. ఇక యానాం సభ్యులకు పరదేశం అంటే ఓడ అక్కరలేదు. 1954 దాకా ఊరి పొలిమేర దాటితే వేరే దొర.

ఇప్పుడు మోటారు కారు దగ్గరికి వద్దాం.

కారు వచ్చాక యూరప్‌లో ఒక కొత్త చిక్కు వచ్చింది. అప్పటిదాకా దారిలో ఆపబడిన పరదేశి పేదవాడు. ఇప్పుడు ధనవంతుడు కారేసుకుని పక్క దేశానికి పోతున్నాడు, అక్కడి పోలీసు ఆపి కాగితం అడుగుతున్నాడు. వెంటనే దేశాలన్నీ కూర్చున్నాయి. 1909లో పారిస్‌లో ఒప్పందం, బండికీ తోలేవాడికీ అంతర్జాతీయ సర్టిఫికెట్. 1926లో మళ్ళీ పారిస్‌లో. 1949లో జెనీవాలో, 1968లో వియన్నాలో. ఈరోజు మన బిడ్డలు ఆర్టీఓ ఆఫీసులో తీసుకునే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఆ 1949 ఒప్పందం బిడ్డే. బుట్ట ఎత్తుకున్నవాడికి యాభై ఏళ్ళు పట్టిన సంగతి కారు తోలేవాడికి ఎంత త్వరగా జరిగిందో చూడండి. మాకు ఇందులో కోపం కంటే నవ్వే వస్తుంది.

ఆ పర్మిట్ గురించి చాలామందికి తప్పుడు నమ్మకం ఉంది. అది వేరే లైసెన్సు కాదు. మన లైసెన్సును వాళ్ళ భాషల్లో చెప్పే అనువాదం. అసలు లైసెన్సు చేతిలో లేకుండా అది ఒక్కటే చూపితే విలువ లేదు. ఏడాదే చెల్లుతుంది. ఇంకా, చుట్టపు చూపుగా పోయినవాడికే అది. అక్కడ వీసా వేసుకుని కాపురం ఉండేవాడు ఆ దేశపు లైసెన్సే తీసుకోవాలి. మన గ్రూపులో అడిగిన ప్రశ్నల్లో సగం ఇక్కడే మొదలయ్యాయి.

పరదేశి దగ్గర జరిమానా రాబట్టడం ఏ ప్రభుత్వానికైనా తలనొప్పే. రేపు విమానం ఎక్కిపోతాడు, విలాసం లేదు. ఇంగ్లండు 2009 నుంచి ఒక దారి పట్టింది. ఆ దేశంలో నమ్మదగ్గ విలాసం లేని డ్రైవరు దగ్గర రోడ్డు మీదే డిపాజిట్ తీసుకోవచ్చు. కోర్టులో గెలిస్తే తిరిగి ఇస్తారు. జర్మనీలోనూ అట్లాంటి జామీను పద్ధతి ఉంది. ఇటలీలో వేరే. పాత ఊళ్ళ నడిబొడ్డున బయటి బండ్లు పోకూడని హద్దులు పెట్టి, కెమెరాలు పెట్టారు. పోలీసు కనిపించడు. సెలవులకు పోయి అద్దె కారు తోలినవాడికి ఇల్లు చేరి నెలలు గడిచాక, కారు కంపెనీ రుసుము ఒకటి, జరిమానా ఒకటి వస్తాయి. సింగపూరులో పాయింట్ల లెక్క, రెండేళ్ళలో 24 చేరితే లైసెన్సు కొంతకాలం ఆపేస్తారు.

గల్ఫ్‌లో దారి వేరు. అక్కడ జనాభాలో పరదేశులే జాస్తి. జరిమానా బండి లెక్కలోకి ఎక్కుతుంది. అది తీరేదాకా బండి రిజిస్ట్రేషన్ కొత్తది కాదు. ఎమిరేట్స్‌లో 2017 నియమాల ప్రకారం రెడ్ సిగ్నల్ దాటితే 1,000 దిర్హాములు, 12 బ్లాక్ పాయింట్లు, నెల రోజులు బండి జప్తు. అది అందరికీ ఒకటే. తోలినవాడు చేసిన పనికి. దానికి ఏడవకూడదు, కట్టాలి. సౌదీలో 2010 నుంచి సాహిర్ కెమెరాలు, వాటికి ముఖం చూడటం తెలియదు, నంబరు పలక ఒక్కటే తెలుసు. ఒక విధంగా కెమెరా పోలీసు కంటే న్యాయస్థుడు.

2013లో కువైట్‌లో సంగతి వేరే జరిగింది. లైసెన్సు లేకుండా తోలడం, రెడ్ సిగ్నల్ దాటడం లాంటి ట్రాఫిక్ తప్పులకే పరదేశులను దేశం నుంచి పంపేశారు. అదే తప్పు చేసిన అక్కడి మనిషికి అదే శిక్ష లేదు, ఉండదు కూడా, వాణ్ణి ఎక్కడికి పంపుతారు? 2023 ఆగస్టు నుంచి అక్కడ పరదేశులు బాకీ జరిమానాలు కట్టనిదే దేశం దాటకూడదన్నారు. కతార్ కూడా 2024 సెప్టెంబర్ నుంచి బాకీ ఉన్నవాళ్ళు దేశం దాటకూడదంది, కానీ అందరికీ అని చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బు అదే. ట్రాన్స్‌వాల్ పండ్ల బుట్టవాడు పట్టుకున్న తేడా ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది. అయితే ఒక సంగతి చెప్పాలి. ఈరోజు గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డను జరిమానా కట్టకుండా జైలుకు పొమ్మని మేము చెప్పము. తంబి నాయుడి వెనక ఒక జనం ఉంది, వకీలు ఉన్నాడు, పత్రిక ఉంది. ఒంటరిగా ఉన్నవాడు పది నిమిషాల కోపానికి వీసా పోగొట్టుకుంటే అది సత్యాగ్రహం కాదు.

ఆ ఒంటరివాడికి కూడా చేతిలో ఒకటి ఉంది. రసీదు. రైల్వేలో టికెట్టు లేనివాడి దగ్గర అదనపు చార్జీ తీసుకుంటే రసీదు పుస్తకంలో నంబరు వేసిన ఆకు చింపి ఇవ్వాలి, కార్బన్ ప్రతి పుస్తకంలో ఉండాలి. ఒక్క ఆకు లెక్క తేలకపోతే సంజాయిషీ. ఎందుకంత పట్టుదల? రసీదు ఉంటే ఆ డబ్బు సర్కారుది, లేకుంటే చేతిలో తీసుకున్నవాడిది. మధ్యలో ఇంకో దారి లేదు. మన సభ్యుడొకరి అబ్బాయి ఒక దేశంలో డెలివరీ వ్యాను తోలుతాడు. దారిలో ఆపినవాడు చేతికి నగదు ఇమ్మన్నాడు, ఇచ్చాడు, కాగితం అడగలేదు. ఏడాది తర్వాత వీసా మార్చుకోబోతే అదే తేదీ, అదే చోటు, అదే తప్పు, కట్టని బాకీగా తెర మీద కనిపించింది. రెండోసారి కట్టాడు. మొదటిది దండుగ అయింది, పాత అర్థంలో కాదు, కొత్త అర్థంలో.

కాబట్టి బిడ్డలకు చెప్పండి. ఆపితే ఆపు, బండిలోనే ఉండు, గొంతు పెంచవద్దు, చేతులు కనబడనీ. తప్పు ఏమిటో, దాని నంబరు ఏమిటో అడుగు. చేతికి డబ్బు ఇవ్వవద్దు. ఆన్‌లైన్‌లో గానీ స్టేషన్‌లో గానీ కడతానని మర్యాదగా చెప్పు. అక్కడికక్కడే కట్టే చట్టం ఉన్న దేశాలు ఉన్నాయి, అప్పుడు రసీదు లేకుండా కదలవద్దు. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టవలసి వస్తే, చదవలేదని సంతకం కింద తెలుగులోనో తమిళంలోనో ఒక మాట రాయి. ఇది మా సొంత అభిప్రాయం, వకీలు మాట కాదు. లాకప్‌లో పెడితే మాత్రం 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఉంది. పట్టుబడిన పరదేశి అడిగితే వాడి దేశపు కాన్సులేట్‌కు తెలియజేయాలి. అడిగితే అన్న మాట గుర్తుంచుకోవాలి. నాటాల్ కూలీకి ఆ హక్కు లేదు, వాడి తరఫున చూడాల్సిన ప్రొటెక్టరు అనే అధికారి తోట యజమానుల జేబులో మనిషని ఫిర్యాదులే ఫిర్యాదులు.

ఈ పరీక్షను మన ఊళ్ళో కూడా పెట్టి చూడవచ్చు. మన హైవేల మీద పోలీసు చెయ్యి ఏ నంబరు పలక చూసి లేస్తుందో అందరికీ తెలుసు. బయటి రాష్ట్రపు లారీ డ్రైవరు, భాష రానివాడు, కాగితాలన్నీ ఉన్నవాడు, ఎంతో ఒకంత ఇచ్చి పోతాడు. తిరుపతి పోయే తమిళనాడు బండ్లలో మనమే ఉంటాము, అప్పుడు మనకు కోపం వస్తుంది. ఇక్కడికి వచ్చే ఒరిస్సా, బీహారు బండి ఆగినప్పుడు పక్కన టీ తాగుతూ చూస్తాము. అతనికి రెండు మాటలు అనువాదం చేయగలిగినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు, నాలుగు భాషలు వచ్చిన జనం మనది.

చివరగా ఒక విన్నపం. నాటాల్, మారిషస్, బర్మా, మలయా, ఎక్కడికి పోయి తిరిగి వచ్చిన పెద్దలైనా సరే, వాళ్ళ పాత కాగితాలు మీ ఇంటి పెట్టెల్లో ఉంటే పారేయకండి. విడుదల కాగితం, పాసు, లైసెన్సు, రిక్షా పలక ఫోటో, జరిమానా రసీదు, ఏదైనా. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. రెండు వైపులా తీయండి. ముందు వైపు పేరు, నంబరు ఉంటాయి. ఎక్కడ ఆపారో, ఏ తేదీన ఆపారో ఆ ముద్రలు వెనక వైపు ఉంటాయి.